తెరకు అటువైపు

1934 జనవరి 29, సోమవారం

ముత్యాలరాజు గారు కబురు పంపితే బడి వదిలాక ఆయన బొమ్మల హాలుకు వెళ్ళాను. నా భార్య రత్నం పోయాక అటు వెళ్ళడం ఇదే మొదలు. నాలుగు నెలలు కావస్తోంది.

రాజుగారు కుర్చీ వేయించారు. పరామర్శ మాటలేమీ చెప్పలేదు. అది ఆయన మంచితనం.

"ఉగాదికి టాకీ తెచ్చేస్తున్నామండీ మేష్టారూ. మిషను మద్రాసులో బయల్దేరిందంట. ఇంక బొమ్మలే మాట్లాడేసుకుంటాయి. మీ గొంతుకు విశ్రాంతండీ."

"మంచిదే," అన్నాను.

ఆరేళ్ళు ఆ తెర పక్కన నిలబడి మూగబొమ్మలకు కథ చెప్పాను. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడితే చదివి తెలుగు చేశాను. పగలు హైస్కూల్లో ఇంగ్లీషు పాఠం, సాయంత్రం ఇక్కడ. రత్నం పోయిన రోజు నుంచి మానేశాను. అప్పటి నుంచి బొమ్మలకు హార్మోనియం ఒక్కటే తోడట.

రాజుగారు రెండు పనులు అడిగారు. హాలు చరిత్ర నాలుగు పేజీలు రాయాలి. ఉగాదినాడు అచ్చువేసి పంచుతారు. రెండోది, ఫిబ్రవరి 25న ఆఖరి మూగబొమ్మ. ధర్మసేన మహారాజు కథ. ఆ ఒక్క ఆటకు నేను వచ్చి చెప్పాలి.

చరిత్ర రాస్తానన్నాను. కథ చెప్పలేనన్నాను.

తెర వెనక ఆడవాళ్ళు కూర్చునే చోటు తీసేస్తారట. మాటలు వినిపించే పెట్టెలు అక్కడ పెట్టాలట. వెనక ఇటుక గోడ లేస్తుంది. ఆడవాళ్ళను ముందుకు తెచ్చి తడిక చాటున కూర్చోబెడతారు.

మంచిదే.

జనవరి 31

చరిత్ర మొదలుపెట్టాను.

"ఈ భవనమును రాజుగారి తండ్రిగారు కాలువ గట్టున ధాన్యము కొట్టుగా కట్టించిరి. గణపవరము, ఉంగుటూరు ప్రాంతముల నుండి పడవలలో వచ్చు ధాన్యము ఇందు నిలువయుండెడిది." అచ్చులో గ్రాంథికమే ఉండాలని రాజుగారి కోరిక.

ఒక గాలివానకు తాటాకు కప్పు లేచిపోయింది. రేకులు వేయించారు. కొన్నాళ్ళు నాటకాలాడారు. 1925లో బొమ్మలు వచ్చాయి. మనోరమా పిక్చర్ ప్యాలెస్ అని బోర్డు కట్టారు. ఏలూరులో ఆ పేరు పలికినవాణ్ణి నేను చూడలేదు. అందరికీ అది ఇప్పటికీ కొట్టే. "కొట్టులో ఏం బొమ్మరా?" అనే అడుగుతారు.

మరుసటి ఏడు రాజుగారి తల్లిగారు బొమ్మ చూస్తానన్నారు. మగవాళ్ళ మధ్య ఆవిడ కూర్చోరు. అందుకని తెర వెనక ఉన్న నాటకాల అరుగు మీద బెంచీలు వేయించారు. తెర మంచి పలచటి గుడ్డ. దాన్ని తడిపితే బొమ్మ అటువైపుకు కూడా దిగుతుంది. అప్పటి నుంచి ప్రతి ఆటకూ ముందు ఆపరేటరు ఏలీయా పిచికారీతో తెర తడుపుతాడు. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక. మధ్య తడిగుడ్డ.

రత్నం ప్రతి కొత్త బొమ్మకూ వచ్చేది. ఈ వాక్యం చరిత్రలోకి రాదు.

ఫిబ్రవరి 2

ఏమీ రాయలేదు.

ఫిబ్రవరి 5

మాసికం పెట్టాను. తాడేపల్లిగూడెం నుంచి మా అక్కయ్య వచ్చింది.

భోజనాలయ్యాక అడిగింది. "ఒరే సూర్యం, దాని పెట్టె ఎప్పుడు తీస్తావురా? చీరలు పురుగు పట్టిపోతాయి."

"తీస్తాను."

"పోయిన నెలా ఇదే మాటన్నావు. అందులో ఆ కుట్టుగుడ్డ ఉండాలి చూడు. చెయ్యి లేని రాజు." నవ్వబోయి ఆగింది.

అది చిన్న సంగతి. రాసి వదిలేస్తాను.

నిరుడు వేసవిలో ధర్మసేన బొమ్మ రెండోసారి వచ్చింది. రాజు తన రాజ్యాన్ని మునికి ధారపోసే ఘట్టాన్ని రత్నం రంగుదారాలతో గుడ్డ మీద కుట్టింది. అద్దం కట్టించి గోడకు పెట్టాలని. బాగా కుట్టింది. కిరీటం, మీసం, చెంబు. అయితే రాజు ఎడమచేత్తో నీళ్ళు వదులుతున్నాడు.

అప్పుడు అక్కయ్య మా ఇంట్లో ఉంది. గుడ్డ ఎత్తి చూపించాను. "అక్కయ్యా, ఎడమచేత్తో దానం చేసిన మహారాజును మీ మరదలు తప్ప ఎవరూ చూసి ఉండరు."

అక్కయ్య విరగబడి నవ్వింది.

"నేను చూసినట్టే కుట్టానండీ," అంది రత్నం.

"కుడి ఎడమలు తెలియనివాళ్ళు సూది పట్టుకోకూడదు," అన్నాను. వేళాకోళంగానే అన్నాను.

రత్నం గుడ్డ తీసుకుని, మా ఎదురుగానే కూర్చుని, బ్లేడుతో ఆ చేతి కుట్లన్నీ విప్పేసింది. గుడ్డ మడిచి పెట్టెలో పెట్టేసింది. మళ్ళీ కుట్టడం నేను చూడలేదు.

ఆ తరవాత ఇంట్లో బొమ్మల గురించి మాట్లాడుకున్నట్టు గుర్తు లేదు. నాకు పరీక్షల పని ఎక్కువగా ఉండేది. ఆశ్వయుజంలో జ్వరం వచ్చింది. పద్దెనిమిది రోజులు.

రాజు కుడిచేత్తోనే ధారపోస్తాడు. ఆ బొమ్మకు నలభై ఆటలు కథ చెప్పాను. నాకు తెలియదా?

ఫిబ్రవరి 9

హాలు కాగితాలన్నీ చూశాను. ఇంజను, కుర్చీలు, రేకులు, అన్నిటికీ కాగితాలున్నాయి. ఆడవాళ్ళ వైపు గురించి ఒక్క ముక్క లేదు. రాజుగారిని అడిగాను.

"దానికి కాగితమేంటండీ? అమ్మ అడిగింది, బెంచీలేశాం. కావాలంటే పుష్పమ్మను కదపండి. మొదట్నించీ ఆ గుమ్మంలో టిక్కెట్లు తీసుకునేది అదే."

ఫిబ్రవరి 11, ఆదివారం

పుష్పమ్మ ప్రార్థన నుంచి తిన్నగా హాలుకు వచ్చింది. తెల్లచీర, చేతిలో బైబిలు. ఆడవాళ్ళ గుమ్మం మెట్టు మీద కూర్చుంది. నేను లోపలికి వెళ్ళలేదు. బయటే నిలబడ్డాను.

"చరిత్రా? ఆడోళ్ళ వైపు చరిత్రేంటండి బాబూ. ఏడుపులూ, వేరుశెనక్కాయ తొక్కలూనూ."

"గుర్తున్నది చెప్పు."

"కొల్లేటి లంకల్నించి పడవలేసుకుని వచ్చేవోరండి. బొమ్మ అయ్యేదాకా పడవలోళ్ళు కాలవలో కాసుకునుండేవోరు. ఓ పాలి ఓ గర్భిణీ మనిషికి ఇక్కడే నొప్పులొచ్చేశాయి. మొగపిల్లోడు. బొమ్మలో హీరో పేరెట్టేశారు."

రాసుకున్నాను. తరవాత తనే అంది.

"మీరు చెప్పేది మాకు సగమే వినబడేదండి. ఇంజను ఇటుపక్కే కదా, ఒకటే రొద. ఆ మిగతా సగం అమ్మగారు చెప్పేవోరు."

"ఏ అమ్మగారు?"

పుష్పమ్మ నా వంక వింతగా చూసింది. "ఇంకే అమ్మగారండీ? మీ ఇంటావిడే. కనకరత్నమ్మగారు."

రాయడం ఆపాను.

"మీకు చెప్పలేదేంటి? అదుగో, ఆ స్తంభం పక్కన కూకునేవోరు. మీ నీడ తెర అంచు మీద అక్కడ పడేది. మీరు కథ చెబుతా చెయ్యెత్తేవోరు కదా, ఆ నీడ చెయ్యి చూసి, ఇప్పుడు పెద్ద మాటేదో వత్తంది, ఊరుకోండర్రా అనేవోరు. ఆవిడ కథ మీ కథలా ఉండేది కాదండి. మీరు అక్కడ పిల్ల చచ్చిపోయిందంటే, ఆవిడ ఇక్కడ చావలేదర్రా, సొమ్మసిల్లింది, లేస్తుంది చూడండి అనేవోరు. బొమ్మలో లేత్తదా ఏంటి? లేవదు. అయినా మేం లేచిందనుకునే ఇళ్ళకి పోయేవోళ్ళం."

మాకు పుట్టిన పిల్ల పదకొండు రోజులు ఉంది. ఇది ఇక్కడ ఎందుకు రాశానో తెలియదు.

లేవబోతుంటే పుష్పమ్మ అడిగింది. "ఆఖర్ని ఎడంచేతి రాజు బొమ్మే వేత్తన్నారంటగా?"

"ఏ రాజు?"

"అదేనండి, ధర్మసేన మారాజు. మా వైపు అందరం ఎడంచేతి రాజనే అంటాం. ఆ మాటకొత్తే అన్ని బొమ్మల్లోనూ అంతేగా! ఎడంచేత్తో అన్నం తింటారు, ఎడంచేత్తో కత్తి దూత్తారు. బొంబాయోళ్ళ ఆచారం కాబోలనుకునేవోళ్ళం. ఓ పాలి అమ్మగారిని అడిగితే, ఇంటికెళ్ళి మేష్టారిని కనుక్కుంటానన్నారు."

కనుక్కుంది. "బొంబాయిలో దానం ఎడమచేత్తో చేస్తారా అండీ?" అని అడిగింది. నేను పత్రిక చదువుతున్నాను. నవ్వాను. జవాబు చెప్పినట్టు గుర్తు లేదు.

ఫిబ్రవరి 12

కుడిచేయే. నలభై ఆటలు. పుష్పమ్మ చదువుకోని మనిషి, చీకట్లో చూపు ఆని ఉండదు.

రత్నానికి చూపు మంచిదే.

ఫిబ్రవరి 13

బళ్ళో నాలుగో ఫారం కాంపోజిషన్లు దిద్దుతున్నాను. కాగితం పలచన. ఒకడు వెనక కూడా రాశాడేమోనని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టాను. అక్షరాలన్నీ అటు తిరిగి కనిపించాయి. కుడిది ఎడమకు, ఎడమది కుడికి.

అలాగే పట్టుకుని ఉన్నాను. పక్క మేష్టారు, "ఏవండీ, అంత గొప్పగా రాశాడా?" అన్నారు.

సాయంత్రం హాలుకు వెళ్ళి ఏలీయాను అడిగాను. మిషను తుడుస్తున్నాడు. చేతిలో గుడ్డ ఆపలేదు.

"ఆయ్, అంతే కదండీ. ఇటు కుడి అయితే అటు ఎడమే. అద్దంలో లాగానండి. మీరెరగరా?"

"ఎరగను."

అప్పుడు గుడ్డ ఆపాడు. "మీకు తెలీదనుకోలేదండీ మేష్టారూ. పెద్ద చదువులు చదివినోరు."

ఫిబ్రవరి 14

బందరు కాలేజీలో బి.ఏ. మొదటి తరగతి.

ఫిబ్రవరి 15

ఆరేళ్ళు. తెరకు ఇటు నేను, అటు తను. మధ్య దూరం మూడు గజాలు. ఒక్కసారీ అటు వెళ్ళి చూడలేదు. ఆడవాళ్ళ వైపు మగవాడు వెళ్ళకూడదన్నది నిజమే. ఉదయం పూట హాలు ఖాళీగా ఉంటుందన్నదీ నిజమే.

ఫిబ్రవరి 18, ఆదివారం

ఏలీయా కొత్తగా వచ్చిన రీళ్ళు ఉదయం వేసి చూసుకుంటాడు. ధర్మసేన రీళ్ళు నిన్న రైల్లో దిగాయి. వెళ్ళి అడిగాను. కారణం అడగకుండా తెర తడిపాడు. ఎప్పటికన్నా ఎక్కువ తడిపాడనిపించింది.

అటువైపు వెళ్ళాను. స్తంభం పక్క బెంచీ. స్తంభానికి తల ఆనే ఎత్తులో నూనె మరక ఉంది. ఎంతమంది తలలవో. తెర కింద అంచు నుంచి నీళ్ళు అరుగు మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. చీర అంచు తడిసిందని ఇంటికొచ్చాక రత్నం పిండుకునేది. వాన పడిందా అని అడిగేవాణ్ణి ఒక్కోసారి. ఊఁ అనేది.

బొమ్మ మొదలైంది. ఇటు నుంచి చూస్తే గుడ్డలోంచి మిషను దీపం కూడా కనిపిస్తుంది. ఎవరు తెర మధ్యకు వచ్చినా వాళ్ళ గుండెల మీద తెల్లటి మచ్చ వెలుగుతుంది. ముందు కూర్చున్నవాళ్ళకు అది లేదు. రత్నం కుట్టిన రాజుకు గుండె దగ్గర తెల్లదారంతో ఒక చుక్క ఉంది. ఆభరణం అనుకున్నాను.

మూడో రీలు. ముని చెయ్యి చాపాడు. రాజు చెంబు ఎత్తాడు.

ఎడమచేయి.

"ఏలీయా, మళ్ళీ వెయ్యి," అన్నాను. వేశాడు. మళ్ళీ వేయమన్నాను. మూడుసార్లు వేశాడు.

తరవాత, రీలు తీసేసి దీపం ఉంచి, నేను నిలబడే చోట నిలబడి చెయ్యెత్తమని ఏలీయాను అడిగాను. అతని నీడ తెర అంచున, స్తంభానికి ఎదురుగా, జానెడు దూరంలో పడింది. కుడిచెయ్యి ఎత్తాడు. ఇటు నుంచి ఎడమచెయ్యి. ఆరేళ్ళు నేనూ ఆమెకు ఎడమచేతివాణ్ణే.

తెర మీద ఆ నీడను ముట్టుకోబోయాను. గుడ్డ చల్లగా ఉంది.

ఫిబ్రవరి 19

25న కథ చెబుతానని రాజుగారికి కబురు పంపాను.

ఫిబ్రవరి 22

పెట్టె తీద్దామనుకున్నాను. బడి నుంచి ఆలస్యంగా వచ్చాను. రేపు.

ఫిబ్రవరి 23

తాళంచెవి కనిపించలేదు.

ఫిబ్రవరి 24

తాళంచెవి మొలతాడుకే ఉంది. నాలుగు నెలలుగా అక్కడే ఉంది.

ఫిబ్రవరి 25, ఆదివారం

సాయంత్రం ఆట. ఆఖరి మూగబొమ్మ గదా, నేల, బెంచీ, కుర్చీ అన్నీ నిండాయి. కొల్లేటి పడవలు కాలువలో వంతెన దాకా కట్టేసి ఉన్నాయి. వెనక వైపు గాజుల చప్పుడు ముందుకు వినిపిస్తోంది. నేను తెర పక్కన నిలబడగానే నేల నుంచి ఈలలు.

"ఇన్నాళ్ళూ ఏమైపోయారండీ మేష్టారూ!"

గొంతు మొదట బొంగురుపోయింది. రెండో రీలుకు సర్దుకుంది. ఇంజను రొద మీదుగా, అటువైపు వినపడేలా చెప్పాను. ఎప్పుడూ ముందు వరసలకు చెప్పేవాణ్ణి.

మూడో రీలు. ముని చెయ్యి చాపాడు.

"ధర్మసేన మహారాజు," అన్నాను, "ఎడమచేత్తో ధారపోశాడు."

హాలు ఘొల్లుమంది.

"మేష్టారూ, కళ్ళజోడు తుడుచుకోండి!"

"నాలుగు నెల్లకే కుడెడమలు మర్చిపోయారండోయ్!"

"ఎడంచేత్తో ఇచ్చిన రాజ్యం ఆ ముని ఏ చేత్తో పుచ్చుకుంటాడో అడగండి!"

ఎవరో పెద్దాయన, "ఊరుకోండ్రా, పాపం, పెళ్ళాం పోయిన మనిషి," అన్నాడు. ఆ మాటకు నవ్వు ఆగింది. అది నవ్వుకన్నా కష్టమనిపించింది. అయినా మళ్ళీ అన్నాను. "ఎడమచేత్తోనే. చూసినవాళ్ళు ఉన్నారు."

తెర వెనక నుంచి ఒక ముసలి గొంతు వచ్చింది. "అద్దీ! ఇన్నాళ్ళకి సరిగ్గా చెప్పాడు."

ఆడవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు వేరు.

ఏడో రీలులో రాజు కూతురు అడవిలో చనిపోతుంది. తల్లి ఒళ్ళో తల వాలుస్తుంది. నలభై ఆటలు ఆ మాట చెప్పాను. "పసిపాప ప్రాణము విడిచెను." ఇవాళ నోరు తెరిచాను. రాలేదు. హార్మోనియం ఆయన నా వంక చూశాడు. చేతులు కూడా ఆపేశాడు. ఇంజను ఒక్కటే వినిపిస్తోంది.

అప్పుడు అటువైపు పుష్పమ్మ గొంతు. తెచ్చిపెట్టుకున్న పెద్దింటి మాట. అది ఎవరి మాటో నాకు తెలుసు.

"చావలేదర్రా. సొమ్మసిల్లింది. లేస్తుంది చూడండి."

"లేస్తుంది," అంది ఇంకో గొంతు.

"లేస్తుంది తల్లీ, లేస్తుంది," అన్నారు ఎవరెవరో.

ముందు కూర్చున్న మగవాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. నేను దానికి ఏమీ కలపలేదు. బొమ్మ అయిపోయేదాకా ఇంకేమీ చెప్పలేదు. చెప్పవలసింది అటువైపు వాళ్ళు చెబుతూనే ఉన్నారు.

ఫిబ్రవరి 26

తెర దించేశారు.

ఫిబ్రవరి 28

గోడ నడుముదాకా లేచింది. బెంచీలు బయట ఎండలో ఉన్నాయి. స్తంభం గోడలో కలిసిపోతుందని మేస్త్రీ చెప్పాడు.

చరిత్ర రాజుగారికి ఇచ్చాను. చదువుకుంటూ చివర ఆగారు. నేను చేర్చిన వాక్యం అక్కడ ఉంది. "ఈ హాలులో కథ చెప్పినవారు ఇరువురు. తెరకు ఇటు నేను. అటు నా భార్య కనకరత్నము."

"మేష్టారండీ, ఏమీ అనుకోకండి. ఇంటాడవాళ్ళ పేరు అచ్చులో బాగోదండీ. మా అమ్మ పేరు కూడా వెయ్యట్లేదు చూడండి."

మంచిదే అనలేదు.

"అయితే నా పేరూ తీసెయ్యండి," అన్నాను.

"ఇదేంటండీ! మీరు లేకుండా చరిత్రేంటి?"

"కథ చెప్పినవారు ఇరువురు అని మాత్రం ఉంచండి. పేర్లొద్దు."

రాజుగారు సరేనన్నారు.

మార్చి 2

పెట్టె తీశాను.

చీరలు బాగానే ఉన్నాయి. అక్కయ్యకు కబురు చేయాలి. అడుగున కుట్టుగుడ్డ, నాలుగు మడతలు. విప్పి కిటికీ దగ్గరకు తెచ్చాను. కిరీటం, మీసం, చెంబు. చెంబును పట్టుకున్న చెయ్యి లేదు. విప్పిన కుట్ల చోట చిన్న చిన్న చిల్లులు. వెలుగుకు పట్టుకుంటే చిల్లుల్లోంచి చెయ్యి ఆకారం మొత్తం కనిపిస్తుంది.

భుజం దగ్గర సూది గుచ్చి ఉంది. తుప్పు పట్టింది. దారం ఇంకా దానికే ఉంది.

కొత్త కుట్లు మూడు. మళ్ళీ ఎడమచేతికే.

సూది తీయలేదు. అలాగే మడిచి పెట్టాను.